తిండిపోతు ఉపవాసం

వంటక్కను జంతువుల గదికి బదిలీ చేసిన మహానుభావుడెవరో గాని, ఆయనకు వేళాకోళం పాలు కాస్త ఎక్కువే. ఇరవై రెండేళ్ళు ఆ పరిశోధన సంస్థ క్యాంటీన్లో మూడు వందల మందికి వండి వడ్డించిన మనిషి ఆవిడ. ఎదురుపడ్డ ప్రతివాళ్ళనీ "తిన్నావా" అని అడగందే పక్కకు తప్పుకోదు. ఆ ప్రశ్నకు భయపడి డైరెక్టరుగారే వెనక మెట్ల మీదుగా వెళ్ళేవారని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషిని, క్యాంటీను కాంట్రాక్టరు చేతికి వెళ్ళిపోగానే, చలికాలమంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని జంతువులకు కాపలా పెట్టారు.

అవి నేల ఉడుతలు. చెట్లెక్కే రకం కాదు. నేలలో బొరియ తవ్వుకుని, చలి మొదలవగానే అందులో ముడుచుకుని, ఎండలొచ్చేదాకా పడుకునే రకం. సంస్థ కింది అంతస్తులో వాటికో చల్లని గది ఉంది. లోపల ఇరవై నాలుగు పెట్టెలు, ఒక్కోదానికి గాజు మూత, పైన చిన్న ఎర్ర బల్బు. బయట ఇంకో చిన్న గది. అందులో బల్ల, కుర్చీ, రిజిస్టరు. రెంటికీ మధ్య అద్దాల కిటికీ. ఇదీ వంటక్క కొత్త రాజ్యం.

ఆవిడ చేరింది ఎండాకాలం చివర్లో. అప్పటికి ఉడుతలు ఒళ్ళు తెలీకుండా తింటున్నాయి. వంటక్కకు అంతకన్నా కావలసిందేముంది. సంచుల్లో వచ్చే గింజలూ గుళికలే అయినా, తానే వండినట్టు మురిసిపోతూ గిన్నెలు నింపేది. వాటికి అంకెలే గాని పేర్లు లేవు. ఆవిడ అన్నిటికీ పేర్లు పెట్టింది. పదిహేడో నంబరు పెట్టెలో ఉన్నది మిగతావాటికి రెండింతలు లాగించేది. పొట్ట నేలకు రాసుకుంటుంటే అటు తిరగడానికీ ఇటు తిరగడానికీ ఆపసోపాలు పడేది. దానికి తిండిపోతు అని పేరు పెట్టింది. దాని ముందు కూర్చుంటే వంటక్కకు పొద్దు తెలిసేది కాదు.

ఒకరోజు అవన్నీ తినడం మానేశాయి. గిన్నెలు నింపినవి నింపినట్టే తిరిగొచ్చాయి. వడ్డించిన గిన్నె నిండుగా తిరిగొస్తే వంటమనిషికి తల కొట్టేసినట్టుంటుంది. ఇంటికెళ్ళి మొగుడితో మొరపెట్టుకుంది. ఆయన టైలరు. కిటికీ పక్కన మిషను పెట్టుకుని ఇంట్లోనే కుడతాడు.

"ఏమండీ, అవి ఒక్కటీ ముద్ద ముట్టడం లేదండీ."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "నీ చేతికి చిక్కాక కూడా తిండి మానెయ్యగలిగాయంటే మామూలువి కావే అవి. వాటికి దణ్ణం పెట్టొచ్చు."

ఆ గదికి పెద్ద డాక్టరమ్మ. రోగుల డాక్టరు కాదు, జంతువుల ఒంట్లో శక్తి ఎలా ఖర్చవుతుందో లెక్కలు కట్టే డాక్టరు. వయసులో వంటక్క కన్నా పదేళ్ళు చిన్న. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఉడుతలు పడుకున్న రోజున ఆవిడ వంటక్కను లోపలికి తీసుకెళ్ళి, డబ్బాలోంచి చిటికెడు రంపపు పొట్టు తీసి, ఒక్కో ఉడుత వీపు మీద వేసింది.

"ఇదే అక్కా మన పద్ధతి. రోజూ గాజు మూతలోంచి చూడండి. వీపు మీద పొట్టు ఉందంటే అది కదలలేదని అర్థం. రిజిస్టర్లో 'పొట్టు ఉంది' అని రాయండి. పొట్టు రాలిపోతే మధ్యలో లేచిందని అర్థం. 'పొట్టు లేదు' అని రాసి, అది మళ్ళీ పడుకున్నాక కొత్త చిటికెడు వెయ్యండి. అంతకు మించి ఏమీ చెయ్యొద్దు. ముట్టుకోవద్దు."

"ఆకలేస్తే?"

"వెయ్యదు."

ఆ ఒక్క మాటే వంటక్కకు మింగుడు పడలేదు. ఆకలి వెయ్యని ప్రాణి ఉంటుందా అని రోజంతా కుర్చీలో కూర్చుని నానా ఆలోచనలూ చేసింది. క్యాంటీన్లో మధ్యాహ్నం ఒంటిగంటకు చూసిన మొహాలన్నీ గుర్తొచ్చాయి. ఈ డాక్టరమ్మకు చదువుంది గాని కడుపు సంగతి తెలీదనుకుంది.

మూడో వారంలో ఒకరోజు పదిహేడో పెట్టెలోకి చూస్తే తిండిపోతు ఊపిరి తీస్తున్నట్టు లేదు. వంటక్క తన ఊపిరి బిగబట్టి వంద లెక్కపెట్టింది. వీపు కదల్లేదు. డాక్టరమ్మ అవతలి భవనంలో మీటింగులో ఉంది. ఇక ఆగలేక మూత తీసి, వేళ్ళ వెనక వైపుతో దాన్ని తాకింది. చల్లగా, బిర్రుగా, ఉండలా ఉంది. వాళ్ళమ్మ పోయిన రోజు అరిపాదాలు పట్టుకున్నప్పుడు చేతికి తగిలిన చలి అది. ఉన్నపళంగా దాన్ని తీసి, స్వెట్టర్లో చుట్టి, బయటి గదిలోకి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇరవై నిమిషాలకు దాని మెడ దగ్గర సన్నగా వణుకు మొదలైంది. ఆ వణుకు పెరిగి పెరిగి ఒళ్ళంతా పాకింది. రెండున్నర గంటలకు తిండిపోతు కళ్ళు తెరిచి, ఎవరే నువ్వు అన్నట్టు చూసింది. వంటక్క కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చచ్చినదాన్ని బతికించాననుకుంది పిచ్చితల్లి. గింజలు పెడితే మూతి తిప్పుకుంది. సరేలెమ్మని పెట్టెలో పెట్టి, అది మళ్ళీ ముడుచుకున్నాక వీపు మీద చిటికెడు పొట్టు వేసి, రిజిస్టర్లో 'పొట్టు ఉంది' అని రాసింది. చేసిన తప్పు అదే. లేపడం కన్నా, ఆ అబద్ధం రాయడం.

మర్నాడు మాటల్లో మాటగా డాక్టరమ్మను అడిగింది. "ఇవి ఊపిరి కూడా ఆపేస్తాయా అమ్మా?"

"ఆపవు. కాసిని ఊపిర్లు తీసి నిమిషాల తరబడి ఊరుకుంటాయి. గుండె నిమిషానికి ఐదుసార్లు కొట్టుకుంటుంది. మెలకువగా ఉంటే మూడొందల సార్లు."

అంటే తాను బతికించిందేమీ లేదు. అది చావనే లేదు. ఆ సంగతి తెలిశాక బుద్ధిగా ఊరుకుంటే ఈ కథతో మనకు పనే ఉండేది కాదు. కానీ వంటక్క చెయ్యి ఊరుకునే చెయ్యి కాదు. ఒళ్ళో వణుకుతూ కళ్ళు తెరిచిన ఆ మొహం పదే పదే కళ్ళ ముందు ఆడుతోంది. ఒక్కసారి, ఒక్క గింజ తింటే చాలు, మళ్ళీ జోలికి వెళ్ళను అనుకుంది. అలా అనుకుంటూనే మరో రెండుసార్లు, డాక్టరమ్మ మీటింగుకు వెళ్ళిన రోజు చూసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మూడోసారి అది రెండు గింజలు కొరికింది. వంటక్క ఆ సాయంత్రం కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికి నడిచింది.

నాలుగోసారి దాన్ని ఎత్తగానే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళు తూకం లేకుండా ఉప్పు, నూనె, పిండి చేత్తోనే కొలిచిన మనిషి. ఆ చెయ్యి పొరపాటు పడదు. తిండిపోతు తేలిపోతోంది. నేలకు రాసుకునే పొట్ట లేదు. చర్మం కింద పక్కటెముకలు వేలికి ఒక్కొక్కటిగా తగిలాయి. పక్క పెట్టెలోని ఉడుతను మూతలోంచి చూసింది. అది ఇంకా బంతిలా గుండ్రంగానే ఉంది. తినిపించాలని చూసి, తాను దీన్ని తినేస్తున్నానని ఆ క్షణంలో వంటక్కకు అర్థమైంది.

అప్పటికే వణుకు మొదలైపోయింది, వెనక్కి తిప్పే దారి లేదు. అది లేచి, చుట్టూ చూసి, మళ్ళీ ముడుచుకుని పడుకునేదాకా ఉండి, రిజిస్టరు చంకన పెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళింది. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక రిజిస్టరు బల్ల మీద పెట్టి, తాను రాసిన మూడు అబద్ధాల మీదా, ఆ రోజు గడి మీదా వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ పొట్టు లేదమ్మా. నేనే లేపి, నేనే వేశాను. ఇప్పుడది చేతికి తేలిపోతోంది, పక్కటెముకలు తగుల్తున్నాయి."

డాక్టరమ్మ కాగితం తీసి ఏవో అంకెలు వేసింది, కొట్టేసింది, మళ్ళీ వేసింది.

"అక్కా, అవి పన్నెండు రోజులు పడుకుంటే అయ్యే ఖర్చు కన్నా, ఒక్కసారి లేస్తే అయ్యే ఖర్చు ఎక్కువ. పన్నెండు రోజులకోసారి వాటంతట అవే లేస్తాయి. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ ఖర్చు లెక్కేసుకునే అవి ఎండాకాలంలో కొవ్వు పెంచుకుంటాయి. మీరు లేపిన నాలుగూ ఆ లెక్కలో లేవు."

"ఇప్పుడు లేపి తినిపిస్తే?"

"కడుపు, పేగులు ముడుచుకుపోయి ఉంటాయి. పెట్టినా పట్టవు. పైగా అదింకో ఖర్చు."

"ఎంత కొవ్వు మిగిలిందో తూచి చూద్దామా?"

"తూచాలంటే ఎత్తాలి. ఎత్తితే లేస్తుంది." డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇంకా అరవై రోజులుంది. ఈ లోపల అది ఐదుసార్లు లేవాలి. మీ చేతి లెక్క నిజమైతే ఉన్న కొవ్వు రెండుసార్లకే, మహా అయితే మూడుసార్లకే సరిపోతుంది. మిమ్మల్ని రేపట్నించి రావద్దనాలి నేను."

"అనండమ్మా. తప్పు నాదే."

"అనను. మీరే రండి. రోజూ చూడండి, నిజం రాయండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

మర్నాడు డాక్టరమ్మ పదిహేడో పెట్టె అడుగున, గడ్డి కిందుగా, వెంట్రుకంత సన్నని తీగ ఒకటి దూర్చింది. బయటి గదిలో గోడ మీద రెండు అంకెలు వెలిగాయి. పైది గది చలి, నాలుగు డిగ్రీలు. కిందిది తిండిపోతు పడుకున్న చోటు, ఐదు డిగ్రీలు.

"చచ్చిపోతే రెండూ ఒకటైపోతాయి," అంది డాక్టరమ్మ. "బతికుంటే ఆ ఒక్క డిగ్రీ తేడా ఉంటుంది."

వంటక్క ఆ అంకెల్నే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ దృష్టిలో బతకడమంటే పొగలు కక్కే గిన్నెలు, గరిటెల చప్పుడు, వరసలో నిలబడ్డ మూడొందల మంది. ఇక్కడేమో బతకడమంటే ఒకే ఒక్క డిగ్రీ. అంత చిన్న నిప్పును ఆరిపోకుండా ఎవరు చూసుకుంటున్నారు? ఎవరూ లేరు. అదే చూసుకుంటోంది, నిద్రలో.

ఆ రోజుల్లో డాక్టరమ్మ పక్కన కూర్చున్నప్పుడల్లా ఓ సంగతి చెప్పేది. నిద్రలో ఉడుత చక్కెర మండించడం మానేసి కొవ్వునే మండిస్తుందట. మూత్రంగా బయటికి పోవలసిన దాన్ని కూడా పారెయ్యకుండా మళ్ళీ కండకు వాడుకుంటుందట. అందుకే నెలల తరబడి కదలకపోయినా కాళ్ళు చచ్చుబడవట. రక్తం కాళ్ళకూ తోకకూ దాదాపు కట్టేసి, ఉన్న కాస్తా గుండెకూ మెదడుకూ పంపుతుందట. మెదడుకు వెళ్ళేదైనా మామూలుగా వెళ్ళేదాంట్లో పదో వంతు ఉండదట.

"మనకైతే?"

"నాలుగైదు నిమిషాలు. ఆ తర్వాత మనం మనంగా మిగలం."

వంటక్క ముక్కున వేలేసుకుంది. ఒక ఇల్లు నడపడానికే తల ప్రాణం తోకకొస్తుంది. జానెడు లేని ఈ ఒంట్లో ఇంత పొదుపు ఎవరు నేర్పారో ఆవిడ ఊహకు అందలేదు. ఇంటికెళ్ళి మొగుడికి చెబితే, ఆయన మిషను ఆపి, కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆయన నోట వేళాకోళం రాకపోవడం ఆవిడ పెళ్ళయ్యాక చూడటం అదే మొదలు.

పన్నెండో రోజు వచ్చింది. మిగతా ఉడుతలు లేస్తున్నాయి, పడుకుంటున్నాయి. తిండిపోతు లేవలేదు. పదమూడు, పద్నాలుగు, వీపు మీద పొట్టు చెక్కు చెదరలేదు. పదిహేనో రోజు పొద్దున కింది అంకె ఐదు నుంచి నాలుగున్నరకు దిగింది. వంటక్క పరుగున వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఇద్దరూ మూత దగ్గర తలలు ఆనించి, ఒక పొట్టు రేణువును గురిపెట్టి చూస్తూ నిలబడ్డారు. అది కదిలితే ఊపిరి తీసినట్టు. డాక్టరమ్మ గడియారం చూస్తోంది. మూడు నిమిషాలు. ఐదు. ఏడు. వంటక్క పెదవులు కొరుక్కుంటోంది. చెయ్యి మూత మీదికి పోబోతే రెండో చేత్తో పట్టుకుంది. తొమ్మిదో నిమిషంలో ఆ రేణువు కొంచెం పైకి లేచి, కిందికి దిగింది. ఆ తర్వాత ఇంకోసారి. అంతే. మళ్ళీ నిశ్శబ్దం.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఇంకా లోతుకు వెళ్ళింది అక్కా," అంది డాక్టరమ్మ మెల్లగా. "మిగతావాటి కన్నా ఎక్కువ పొదుపు చేస్తోంది."

తిండిపోతు పదిహేడో రోజున లేచింది. సగం రోజుండి పడుకుంది. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు లేవలేదు. ఐదుసార్లు లేవాల్సింది మూడుసార్లతో సరిపెట్టుకోబోతోందని డాక్టరమ్మ లెక్క వేసి చూపించింది.

"తనకు తక్కువ మిగిలిందని దానికెలా తెలిసిందమ్మా?"

"నాకు తెలీదు అక్కా." పద్దెనిమిదేళ్ళుగా వీటినే చదువుతున్న మనిషి, ఆ మాట సిగ్గుపడకుండా, కళ్ళు మెరుస్తుండగా అంది. వంటక్కకు ఆవిడ మీద గౌరవం ఆ రోజునే కలిగింది.

అరవై రెండో రోజు ఉదయం పదిన్నరకు కింది అంకె ఆరైంది. ఏడైంది. చల్లని గదిని వెచ్చబరిచే కాలం వచ్చేసింది, మిగతా ఉడుతలు చాలా వరకు లేచి తిరుగుతున్నాయి. ఇదే ఆఖరి లేవడం. ఇది దాటితే తిండి. దాటకపోతే అంతే.

ఎలాగూ లేస్తోంది గనక, డాక్టరమ్మ పదిహేడో పెట్టెను తీగతో సహా బయటి గదికి తెచ్చి బల్ల మీద పెట్టింది. తిండిపోతు భుజాల మధ్య సన్నగా వణుకు. అక్కడ ఒక రకం గోధుమరంగు కొవ్వు ఉంటుందనీ, పొయ్యిలా ముందు అది రాజుకుంటుందనీ అప్పటికి వంటక్కకు తెలుసు. తొమ్మిది. పదకొండు. పద్నాలుగు. వణుకు పెరిగింది. పదహారు దగ్గర అంకె ఆగిపోయింది.

ఐదు నిమిషాలు పదహారే. పది నిమిషాలు పదహారే. వణుకు సన్నగిల్లింది.

"కొవ్వు అయిపోయింది," అంది డాక్టరమ్మ. లేచి వెళ్ళి వేడినీళ్ళ సంచి తెచ్చింది. మూత తీసి సంచిని దాని పక్కన పెట్టబోయింది.

వంటక్క ఆవిడ మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా."

"అక్కా, పోతుంది."

"మీరే చెప్పారు కదమ్మా. కాళ్ళకి రక్తం అది కావాలనే కట్టేసింది. గుండె నిలదొక్కుకున్నాకే వదుల్తుంది. మనం పైనుంచి వేడి పెడితే ఒళ్ళంతా ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ చల్లటి రక్తమంతా వెళ్ళి గుండె మీద పడుతుంది. బాగా ఉన్నప్పుడైతే తట్టుకుంది. ఇప్పుడెక్కడ తట్టుకుంటుంది? నాలుగుసార్లు నేను వేలు పెట్టాను. దానికి తెలిసినంత మనకు తెలీదమ్మా. దాన్ని వదిలేద్దాం."

డాక్టరమ్మ సంచి కింద పెట్టేసింది. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. వంటక్క తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. ఆవిడ జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ అదే కష్టమైన పని. ఆకలితో ఉన్న ప్రాణి ఎదురుగా, చేతులు కట్టేసుకుని, ఏమీ పెట్టకుండా కూర్చోవడం. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు బయటికి తియ్యాల్సి వస్తుందని.

పద్దెనిమిది నిమిషాలకు అంకె పదిహేడైంది.

వణుకు మళ్ళీ మొదలైంది, ఈసారి మెడలోనే, దవడ దగ్గర. ఉన్న కాస్త నిప్పునూ ఒక్కచోటే పెట్టి రాజేస్తోంది. పంతొమ్మిది. ఇరవై రెండు. ఇరవై ఆరు. ఊపిరి కంటికి కనిపించసాగింది. మీసాలు కదిలాయి. ముప్ఫై దాటాక తిండిపోతు తల ఎత్తి, ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసి, రెండూ తెరిచింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "గుండె నిలబడింది అక్కా. ఇప్పుడు ముట్టుకోవచ్చు. మీరు ముట్టుకోండి."

వంటక్క చేతులు బయటికి తీసింది. అవి తిమ్మిరెక్కి ఉన్నాయి. వాటిని రుద్దుకుని, ఒక చెయ్యి దాని ఛాతీ కింద పెట్టింది. అక్కడ వేడి. లెక్కపెట్టలేనంత వేగంగా అరచేతికి గుండె తగులుతోంది. రెండో చేత్తో వెనక కాలు పట్టుకుంది. ఆ పాదం ఇంకా కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది. ఒకే ప్రాణి, జానెడు లేదు. ముందు సగానికి ఎండాకాలం వచ్చేసింది, వెనక సగం ఇంకా చలికాలంలోనే ఉంది. వంటక్క ఆ చల్లని పాదాన్ని రుద్దలేదు, నొక్కలేదు. ఊరికే వేలి మీద పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి ఆ పాదంలోకి వెచ్చదనం మెల్లగా దిగడం తెలిసింది. ముందు మడమ, తర్వాత వేళ్ళు. పూర్తిగా వెచ్చబడగానే తిండిపోతు ఆ కాలితోనే ఆవిడ వేలిని ఒక్క తన్ను తన్ని, పెట్టెలో అవతలి మూలకు వెళ్ళిపోయింది.